ఫ్లోరెన్స్ నుంచి సాల్ట్ లేక్ దాకా: బిడారు కదలకముందే చూసుకోవలసినవి

అమెరికాలో మిస్సోరీ నది ఒడ్డున వింటర్ క్వార్టర్స్ (తర్వాత ఫ్లోరెన్స్ అన్నారు) నుంచి యూటాలోని సాల్ట్ లేక్ లోయకు 1,031 మైళ్లు. ఎడ్లబండి రోజుకు పది పన్నెండు మైళ్లు, దారి బాగుంటే పదిహేను నడుస్తుంది. ఏరులు దాటడానికి, బళ్ల మరమ్మతులకు పోయే రోజులు కలుపుకుంటే మూడు నెలలకు పైబడిన ప్రయాణం. అందుకే 1850లలో మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) బిడారు నడిపే కెప్టెన్ ముందుగా తేల్చుకోవలసింది బయల్దేరే తేదీ. మరీ తొందరపడితే ప్లాట్ నది వెంట గడ్డి లేవదు, ఎడ్లు చిక్కిపోతాయి. జూన్ దాటిపోతే సుమారు 7,400 అడుగుల ఎత్తున్న సౌత్ పాస్ కనుమకి చేరేసరికి మంచు పట్టుకుంటుంది. 1847 నాటి తొలి దండు ఏప్రిల్‌లో కదిలి జూలై 24కల్లా లోయలో దిగింది.

1856లో విల్లీ, మార్టిన్ అనే కెప్టెన్ల దండులు చేత్తో లాగే బళ్లతో ఫ్లోరెన్స్ చేరేసరికే ఆగస్టు వచ్చేసింది. ఈ చలికాలం ఇక్కడే గడుపుదామని విల్లీ దండులోని లీవై సావేజ్ మొత్తుకున్నా వినలేదు. అక్టోబరు 17న డీర్ క్రీక్ దగ్గర బరువు తగ్గుతుందని మార్టిన్ దండు దుప్పట్లు, బట్టలు తగలబెట్టింది. రెండు రోజులకే, నార్త్ ప్లాట్ నది ఆఖరిసారి దాటిన నాడు, మంచు తుపాను కమ్మేసింది. రెండు దండుల్లో కలిపి రెండొందల మందికి పైగా చనిపోయారు. బరువు దించక తప్పకపోతే పెట్టెలు, ఇనప పొయ్యిలు వదలండి. దుప్పటి జోలికి మాత్రం వెళ్లొద్దు.

బండికి బాగా ఎండిన కర్రే వాడాలి. 1856 బళ్లలో చాలావాటికి పచ్చి కర్ర వాడారు. మైదానాల పొడిగాలికి చెక్క కుంచించుకుపోతుంది, చక్రం ఆకులు (ఆరెలు) కదులుతాయి, పూటీల (చక్రం అంచు చెక్కల) మీది ఇనప పట్టా జారిపోతుంది. వదులైన చక్రాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి, అప్పటికీ బిగవకపోతే పట్టా కింద చెక్క చీలికలు దిగ్గొట్టాలి. కందెన అయిపోయిన దండులు ఇరుసుకి సబ్బు, పంది కొవ్వు పూశాయి. అందులో ఇసుక అంటుకుని కర్ర ఇరుసు ఇంకా త్వరగా అరిగిపోయింది. కందెన డబ్బా ప్రతి బండికీ వేరుగా ఉండాలి.

తిండికి 1845లో నావూలో (అప్పటి మోర్మన్ల ఊరు) వేసిన జాబితా మంచి లెక్క. ఐదుగురి కుటుంబానికి గట్టి బండి ఒకటి, రెండు మూడు జతల ఎడ్లు, పాడి ఆవులు రెండు, పిండి 1,000 పౌండ్లు, చక్కెర 100, ఉప్పు 25.

వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో కెప్టెన్ని పెట్టాలి. రాత్రి బళ్లను గుండ్రంగా, ఎడ్లను కట్టే పోలుగర్రలు బయటికి ఉండేలా, ఒకదాని ముందు చక్రం పక్కదాని వెనక చక్రానికి ఆనించి నిలపాలి. పశువులు లోపలుంటాయి. బయట వదిలేస్తే బెదిరి పరుగెత్తుతాయి; విల్లీ దండు అలా ముప్పై దాకా పోగొట్టుకుని, పిండి మూటల్ని మళ్లీ మనుషులు లాగే బళ్లకు ఎక్కించాల్సి వచ్చింది.

నీళ్ల విషయంలో రెండు ప్రమాదాలున్నాయి. ప్లాట్ వెంట కలరా: నిలవ గుంటల నీళ్లు కాచకుండా తాగకూడదు. నార్త్ ప్లాట్ దాటాక స్వీట్‌వాటర్ నది చేరేదాకా చవుడు నీళ్లు: అంచున తెల్లటి పొర కనిపిస్తే పశువుల్ని దగ్గరికి పోనివ్వొద్దు, ఎంత దప్పికతో ఉన్నా సరే.

దారిలోని సైనిక కోట ఫోర్ట్ లారమీలో సరుకు దొరుకుతుందన్న ఆశ మీద రేషన్ లెక్క వేయొద్దు. 1856లో అక్కడ తగినంత దొరకలేదు. ఆలస్యం తేలిన వెంటనే లోయకు గుర్రం మీద మనిషిని పంపి, పిండి బళ్లు ఎదురు పంపమని కబురు పెట్టాలి.