బల్ల కింద మినీ పీసీ బిగిస్తున్నారా? ఎండలు ముదరకముందే ఇవి చూసుకోండి

కడప, కర్నూలు వాళ్లు డ్రిల్లు చేతికి తీసుకునే ముందు:

పీసీకి బిగించే స్క్రూలు డబ్బాలో వచ్చినవే వాడండి. పొడవు ఎక్కువైతే లోపలి బోర్డుకు తగులుతుంది, మిషనే పోతుంది.

బల్ల మందం కొలవండి. చెక్క 18 మి.మీ. ఉంటే స్క్రూ 12 మి.మీ. కంటే లోపలికి దిగకూడదు. నీళ్లు తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డయితే స్క్రూ అసలు నిలవదు.

పైన కడప బండ ఉందా? డ్రిల్లు పెట్టొద్దు, పొరలుగా లేస్తుంది. పక్క చెక్కకు బిగించుకోండి. డబుల్ టేపు మాట ఎత్తకండి. మన ఎండలకు జిగురు సాగి, ఏ మధ్యాహ్నమో పీసీ కాళ్ల మీద పడుతుంది.

గాలి రంధ్రాలు చెక్కకు ఆనకూడదు. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు లోపలి వేడి పోయే దారి లేకపోతే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము దులపడానికి చెయ్యి పట్టేంత సందు ఉంచండి.

అడాప్టర్‌ను వేలాడదీయకండి, బరువుకు పిన్ను వదులవుతుంది.

బిగించకముందే బయోస్‌లో (పీసీ ఆన్ అవుతుండగా, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ), కరెంటు రాగానే తనంతట ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందేమో చూడండి. లేదంటే కరెంటు పోయిన ప్రతిసారీ బల్ల కింద దూరాల్సిందే.