తుప్పు పట్టిన బోల్టు మీద చెయ్యి వేసే ముందు

• మోటారు బోల్టు అయితే ముందు మెయిన్ ఆపండి.

• వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, మర దగ్గర డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. తొందరపడితే తల విరిగి చేతికొస్తుంది.

• స్క్రూ స్పానర్ (నోరు చిన్నా పెద్దా చేసుకునేది), కటింగ్ ప్లయర్ వాడకండి. అవి జారి మూలలు అరగదీస్తాయి, తర్వాత ఏ స్పానరూ పట్టదు. సరైన సైజు బాక్స్ స్పానరే మేలు, అదీ ఆరు మూలలది. మర దగ్గర 8 ఎం.ఎం. మందం ఉన్న బోల్టుకి మామూలుగా 13 నంబర్ స్పానర్. తొడిగి కదిపితే లొడలొడలాడకూడదు.

• కళ్లద్దాలు పెట్టుకోండి.

• స్పానర్‌ని మీ వైపుకే లాగండి. తోస్తే, జారినప్పుడు వేళ్లు గోడకి కొట్టుకుంటాయి. ముందు కొంచెం బిగించి చూడండి, ఒక్కోసారి పట్టు అలాగే వదులుతుంది.

• స్ప్రే కొట్టిన చోట మంట పెట్టకండి.