పైక్ చేప వేటకు బెండు, అలారం ఎలా ఎంచుకోవాలి

పైక్ పదునైన పళ్లుండి, ఇతర చేపలను వేటాడి తినే మంచినీటి చేప. అది ఎరను పట్టగానే మింగదు. ముందు అడ్డంగా కరిచి పట్టుకుంటుంది. కాస్త దూరం పోయి, దాన్ని తలవైపుకు తిప్పుకుని అప్పుడు గొంతులోకి దింపుతుంది. ఆ కాస్త వ్యవధిలో మనకు కబురు అందితే కొక్కెం దవడ అంచునే ఉంటుంది, పొడుగాటి పటకారుతో తిప్పితే ఊడొస్తుంది. ఆలస్యమైతే గొంతు లోపల దిగబడుతుంది. అలాంటి చేపను తిరిగి నీళ్లలో వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే లైన్‌కు తగిలించి నీళ్ల మీద తేలనిచ్చే బెండు చేతిలోకి తీసుకున్నప్పుడు నేను చూసేది ఒక్కటే: చేప ఎరను తాకిన సంగతి ఇది నాకు ఎంత త్వరగా చెబుతుంది? రంగులు, బ్రాండ్లు ఆ తర్వాత.

అన్నిటికంటే ముందు ఎర ఎక్కడుంటుందో తేల్చుకోండి. అడుగున పడి ఉంటుందా, నీళ్ల మధ్యలో వేలాడుతుందా? బతికున్న చేపను ఎరగా వాడటం కొన్ని చోట్ల నిషేధం, నేనైతే ఎక్కడా వాడను. ఇక్కడ చెప్పేదంతా చచ్చిన సార్డైన్, మాకరెల్ లాంటి ఎరల గురించే.

ఎర అడుగున పడి ఉంటే దాని బరువును నేలే మోస్తుంది, బెండు మోయక్కర్లేదు. అయినా చాలామంది గుడ్డు ఆకారంలో ఉండే లావుపాటి బెండునే తగిలిస్తారు. అది అవసరం లేదు. సన్నగా, పొడుగ్గా ఉండే పెన్సిల్ బెండు చాలు. దాన్ని నీటి లోతు కంటే ఒకటి రెండు అడుగులు ఎక్కువకు అమర్చి, ఎర విసిరాక బెండు ఏటవాలుగా నిలబడేదాకా లైన్ బిగించండి. ఇక అది చెప్పే మాటలు తేలిగ్గా అర్థమవుతాయి. చేప ఎరను నేల మీంచి ఎత్తితే, లేదా మీవైపే వస్తే, లైన్ వదులై బెండు నీళ్ల మీద పడుకుంటుంది. పక్కకు పోతే జారుతూ పోయి మునుగుతుంది. ఉన్నచోటే వణికినా తేలిగ్గా తీసుకోకండి. చలికాలంలో పైక్ ఒంట్లో చురుకు తగ్గుతుంది, ఎరను నోట పట్టుకుని కదలకుండా ఉండిపోతుంది. లావుపాటి బెండు ఆ చిన్న కదలికను మింగేస్తుంది, సన్నది దాచుకోదు.

ఎర వేలాడుతుంటే లెక్క మారుతుంది. ఇప్పుడు ఎర బరువు, సీసం బరువు రెండూ బెండు మీదే ఉంటాయి, కాబట్టి కాస్త లావుది కావాలి. కానీ అవసరానికి మించి ఒక్క గ్రాము కూడా వద్దు. చేప కిందకు లాగినప్పుడు బెండు ఎంత ఎదురు లాగితే ఎరను వదిలేసే అవకాశం అంత ఎక్కువ. గట్టు పక్కన నిలకడ నీళ్లలో, మీరు వాడబోయే ఎరతోనే వేలాడదీసి చూడండి. బెండు ఇంకా ఎత్తుగా తేలుతుంటే మొన మాత్రమే పైకి కనపడేదాకా సీసం చేర్చండి. ఈ పనికి పట్టేది అయిదు నిమిషాలే, దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్రవాహం ఉన్న నీళ్లలో మాత్రం కాస్త పెద్ద బెండు తప్పదు, లేకపోతే నీటి లాగుడుకే మునిగి అబద్ధపు కబుర్లు చెబుతుంది.

పైక్ బెండును లైన్‌కు గట్టిగా బిగించకుండా జారేలా వదలడం మేలు. నీటి లోతు రాడ్ పొడవును మించితే బిగించిన బెండుతో ఎర విసరడం కుదరదు. కావలసిన లోతు దగ్గర దారంతో ఆపు ముడి వేసి, ముడికీ బెండుకూ మధ్య ఒక పూస పెట్టండి. ముడి రాడ్ రింగుల్లోంచి తేలిగ్గా పోవాలి, పూస కన్నంలోంచి మాత్రం పోకూడదు. కింద కనీసం 45 సెంటీమీటర్ల వైరు ట్రేస్ (కొక్కేనికీ లైన్‌కూ మధ్య కట్టే లోహపు తీగ) ఉండాలి. పైక్ పళ్ల ముందు మామూలు లైన్ నిలవదు.

మొన రంగు సంగతి క్లుప్తంగా చెబుతాను. నీళ్లు తెల్లగా మెరుస్తుంటే నలుపు, చెట్ల నీడ పడి చీకటిగా ఉంటే పసుపు, మామూలు వెలుతురులో నారింజ లేదా ఎరుపు. మొన మార్చుకునే బెండు దొరికితే అదే తీసుకోండి.

బెండు మొన కంటికి ఆనని దూరంలోనూ, అలలు ఎక్కువగా ఉన్నప్పుడూ, చీకటి పడ్డాకా డ్రాప్‌ఆఫ్ ఇండికేటర్ (లైన్ కదిలితే కిందకు పడే కాడ), అలారం పనికొస్తాయి. చాలామంది రాడ్ ముందు స్టాండు మీద పెట్టే అలారం ఒక్కటే కొని సరిపెట్టుకుంటారు. అలారంలో చిన్న చక్రం ఉంటుంది, లైన్ దాని మీదుగా కదిలితే కూత పెడుతుంది. చేప దూరంగా పోతే బాగానే కూస్తుంది. మీవైపే ఈదుకొస్తే లైన్ మెల్లగా వదులవుతుంది, చక్రం తిరగకపోవచ్చు. డ్రాప్‌ఆఫ్ ఈ రెండు సందర్భాల్లోనూ కబురిస్తుంది. రాడ్ వెనక స్టాండుకు తగిలించిన కాడ అది, దాని తల దగ్గరున్న క్లిప్పులో లైన్ పట్టి ఉంటుంది. చేప దూరంగా పోతే లైన్ క్లిప్పులోంచి ఊడి కాడ పడిపోతుంది, దగ్గరికి వస్తే కాడ తన బరువుకే కిందకు వాలుతుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతే డ్రాప్‌ఆఫ్‌నే కొనండి. రెండూ ఉంటే ఇంకా మంచిది.

డ్రాప్‌ఆఫ్ కొనేటప్పుడు వేలితో క్లిప్పు బిగుతు మార్చి చూడండి. నిలకడ నీళ్లలో లైన్ ఇట్టే ఊడిపోవాలి, గాలి ఉన్నప్పుడు కాస్త గట్టిగా పట్టాలి. ఈ తేడా చూపలేని క్లిప్పు వద్దు. అలారంలో సున్నితత్వం, శబ్దం రెండూ తగ్గించుకునే వీలుండాలి. గాలికే ఊరికే కూసే అలారం మాటను కాసేపయ్యాక చెవి పట్టించుకోదు, అసలు కూత వచ్చినప్పుడు ఆలస్యం అవుతుంది. రాడ్ కొన కిందకు దించి, లైన్‌ను నీళ్లలోకి ముంచి, బరువైన సీసంతో బిగుతుగా ఉంచితే దొంగ కూతలు చాలావరకు తగ్గుతాయి.

రీల్ విషయానికొస్తే, డ్రాప్‌ఆఫ్‌తో బెయిల్ (రీల్ నుంచి లైన్ పోకుండా ఆపే తీగ) తెరిచే ఉంచాలి, లైన్‌ను క్లిప్పే ఆపుతుంది. క్లిప్పు ఊడగానే చేపకు ఏ అడ్డూ లేకుండా లైన్ పోతుంది. బెయిల్ మూసి వదిలేస్తే చేప రాడ్‌నే నీళ్లలోకి లాక్కుపోగలదు.

ఇండికేటర్లు ఎన్ని ఉన్నా రాడ్లకు చేయి చాచే దూరంలోనే కూర్చోండి. కాడ పడిందా, బెండు పడుకుందా, లెక్కపెట్టుకుంటూ ఆగకండి. బెయిల్ మూసి, చేప బరువు చేతికి తగిలేదాకా రీల్ చుట్టి, రాడ్‌ను నిలకడగా వెనక్కు లాగండి. పటకారు, వైరు కత్తిరించే కట్టర్, తడిపిన మెత్తటి చాప అప్పటికే పక్కన పరిచి ఉండాలి.