కాలేయ మార్పిడికి ముందు గుండె పరీక్ష – 3వ పాఠం: ఈఎఫ్ 68 శాతం, అయితే?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం. మన అభ్యాస పేషెంట్‌కి 52 ఏళ్లు, సిర్రోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడే జబ్బు). ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే దారి వ్యాసం 2 సెం.మీ., అక్కడి డాప్లర్ వీటీఐ (ఒక్కో స్పందనలో రక్తం ముందుకి సాగే దూరం) 26 సెం.మీ., గుండె వేగం నిమిషానికి 90, సగటు బీపీ 72, సీవీపీ, అంటే గుండెకి తిరిగొచ్చే పెద్ద సిరల్లోని పీడనం, 8.

వ్యాసం 2 అయితే వైశాల్యం 3.14 చదరపు సెం.మీ. దాన్ని 26తో గుణిస్తే ఒక్కో స్పందనకు 81.6 మి.లీ. మళ్లీ 90తో గుణిస్తే నిమిషానికి 7.3 లీటర్లు. ఎవరికైనా 29 లీటర్లు వచ్చి ఉంటే వ్యాసాన్ని సగం చేయకుండా వర్గం చేసేశారన్నమాట, మళ్లీ చేయండి. ఇక 72లోంచి 8 తీసేసి, 7.3తో భాగించి, 80తో గుణిస్తే సుమారు 700. రక్తనాళాల నిరోధం మామూలుగా 800 నుంచి 1200 మధ్య ఉంటుంది. అంటే ఈయన రక్తనాళాలు సడలిపోయి ఉన్నాయి, గుండె ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ రక్తం తోస్తోంది.

ఈయన ఎకో రిపోర్టులో ఈఎఫ్, అంటే ఎడమ జఠరిక తనలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి తోసే వాటా, 68 శాతం. కింద ఒక్క వాక్యం: ‘ఎల్‌వీ ఫంక్షన్ నార్మల్’. అంటే ఎడమ జఠరిక బాగా పనిచేస్తోందని. ఈ పాఠమంతా ఆ వాక్యం గురించే.

ఈఎఫ్ తప్పు కొలిచారని కాదు. కొలత సరైనదే. కానీ జఠరిక ఎంత ఖాళీ అవుతుందన్నది కండరం బలం మీదే కాదు, ఎదురుగా ఉన్న నిరోధం మీద కూడా ఆధారపడుతుంది. సిర్రోసిస్‌లో నైట్రిక్ ఆక్సైడ్ లాంటి పదార్థాలు పేగుల చుట్టూ ఉన్న రక్తనాళాలను వదులు చేసేస్తాయి. ఎదురు లేనిచోట బలహీనమైన కండరం కూడా 68 శాతం చూపించగలదు. పల్లంలో బండి లాగుతున్న ఎద్దుని చూసి దాని సత్తువ చెప్పలేం. ఎగువకి తిప్పితేనే తెలుస్తుంది.

ఆ ఎగువ ఈ పేషెంట్‌కి ఎక్కడ వస్తుంది? మొదట ఆపరేషన్ టేబుల్ మీదే. కొత్త కాలేయానికి పోర్టల్ సిర (పేగుల నుంచి రక్తం తెచ్చేది) కలిపి క్లాంప్ తీసిన క్షణంలో చల్లటి, ఆమ్లగుణం ఉన్న, పొటాషియం ఎక్కువున్న రక్తం నేరుగా కుడి గుండెలోకి వస్తుంది. తర్వాతి 5 నిమిషాల్లో సగటు బీపీ 30 శాతానికి మించి పడిపోయి, కనీసం నిమిషం పాటు అలాగే ఉంటే దాన్ని పోస్ట్ రీపెర్ఫ్యూజన్ సిండ్రోమ్ అంటాం. రెండో ఎగువ నెమ్మదిగా వస్తుంది. కొత్త కాలేయం పనిచేయడం మొదలుపెట్టాక సడలిన రక్తనాళాలు మళ్లీ బిగుస్తాయి. ఏళ్ల తరబడి ఎదురు లేకుండా పనిచేసిన గుండెకి ఒక్కసారిగా మామూలు బీపీ కూడా బరువే. ఐసీయూలో ఊపిరితిత్తుల్లో నీరు చేరేది చాలాసార్లు ఇలాంటివాళ్లకే. దాత నుంచి వచ్చిన కాలేయం బాగా పనిచేస్తుండగా గుండె చేతులెత్తేయడం కంటే బాధాకరమైనది ఈ రంగంలో ఇంకొకటి లేదని నేననుకుంటాను. అందుకే రిపోర్టులో ‘నార్మల్’ చూసి పేజీ తిప్పేయకండి.

సరే, మరి దేన్ని చూడాలి? సిర్రోసిస్ వల్ల గుండె కండరం దెబ్బతినడాన్ని సిర్రోటిక్ కార్డియోమయోపతి అంటాం. దాన్ని గుర్తించడానికి 2005లో మాంట్రియల్‌లో కుదిరిన పాత ప్రమాణాలు ఈఎఫ్ 55 కంటే తక్కువ ఉండటం, ఈ-ఏ నిష్పత్తి 1 కంటే తక్కువ ఉండటం లాంటివాటి మీద నడిచాయి. జఠరికలోకి రక్తం మొదట దూకే వేగాన్ని (ఈ-వేవ్) కర్ణిక నెట్టినప్పటి వేగంతో (ఏ-వేవ్) భాగిస్తే వచ్చేదే ఈ-ఏ నిష్పత్తి. అది ఒంట్లో నీటిని బట్టి మారిపోతుంది. కడుపులో నీరు తీయకముందు ఒకటి, తీశాక ఇంకొకటి. 2020లో వెలువడిన కొత్త ప్రమాణాలు దాన్ని పక్కన పెట్టాయి. సంకోచానికి: ఈఎఫ్ 50 లేదా అంతకంటే తక్కువ, లేదా స్ట్రెయిన్ విలువ (కండరం నిలువుగా ఎంత శాతం కుదించుకుంటుందో), అంటే జీఎల్ఎస్, మైనస్ గుర్తు వదిలేసి చూస్తే 18 కంటే తక్కువ. సడలికకు నాలుగు కొలతలు: సెప్టల్ ఈ-ప్రైమ్ (సడలేటప్పుడు మైట్రల్ కవాటం దగ్గర జఠరికల మధ్యగోడ కదిలే వేగం) సెకనుకు 7 సెం.మీ. కంటే తక్కువ, ఈ-వేవ్‌ని ఈ-ప్రైమ్‌తో భాగిస్తే 15 లేదా ఎక్కువ, ఎడమ కర్ణిక పరిమాణం శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 34 మి.లీ. దాటడం, కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం లీక్ వేగం సెకనుకు 2.8 మీటర్లు దాటడం. ఈ నాలుగింట్లో మూడు ఉంటే సడలిక గట్టిగా దెబ్బతిన్నట్టు. రెండే ఉంటే తేల్చి చెప్పకుండా ఇంకా పరీక్షించాలి.

వీటిలో ఈ-ప్రైమ్‌ని చేత్తో నేర్చుకోవాలి, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. పేషెంట్‌ని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. కడుపు నీటితో బిగిసి ఉంటే డయాఫ్రం పైకి జరిగి గుండెని కూడా పైకి నెట్టేస్తుంది. ఎపెక్స్, అంటే గుండె కొన, అలవాటైన చోట దొరకదు. అక్కడే ప్రోబ్ నొక్కుతూ కూర్చోకుండా ఒక పక్కటెముక సందు పైకి వెళ్లి వెతకండి. నాలుగు గదులూ కనబడ్డాక జఠరిక పొట్టిగా, గుండ్రంగా కనిపిస్తోందంటే మీరింకా ఎపెక్స్ మీద లేరు. సరిగ్గా కుదిరాక టిష్యూ డాప్లర్ (కండరం కదిలే వేగాన్ని కొలిచేది) ఆన్ చేసి, మైట్రల్ కవాటం గోడకి అతుక్కునే సెప్టల్ మూలలో శాంపిల్ పెట్టండి. గోడ కదిలే దిశకీ కర్సర్ గీతకీ మధ్య కోణం 20 డిగ్రీలు దాటకూడదు. ఊపిరి వదిలాక ఆపమనండి. తెర మీద గీత నడిచే స్పీడు సెకనుకు 100 మి.మీ. పెట్టండి. గీతకి కింద రెండు లోయలు కనిపిస్తాయి. మొదటిది ఈ-ప్రైమ్, రెండోది కర్ణిక సంకోచించినప్పటిది. కనీసం మూడు స్పందనలు కొలిచి సగటు తీయండి.

మన పేషెంట్‌కి ఈ-ప్రైమ్ 6 వచ్చింది. మైట్రల్ ఈ-వేవ్ 96. భాగిస్తే 16. ఎడమ కర్ణిక 38. ట్రైకస్పిడ్ లీక్ 2.6. జీఎల్ఎస్ 20. సంకోచం బాగానే ఉంది, సడలికలో నాలుగింట మూడు తప్పాయి. ఈఎఫ్ 68 ఉన్న ఈయనకి సిర్రోటిక్ కార్డియోమయోపతి ఉంది.

ఇందులో నాకు తక్కువ నమ్మకమున్నది కర్ణిక కొలత. నిమిషానికి 7 లీటర్లు పారే గుండెలో కర్ణిక ఊరికే సాగుతుంది కూడా. కానీ ఈ-ప్రైమ్ తక్కువగా ఉన్నప్పుడు దాన్ని కొట్టిపారేయలేం. ఇక్కడ మాత్రం రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

దీనివల్ల ఆపరేషన్ వద్దనుకోకూడదు. మత్తు డాక్టర్ ద్రవాలు ఆచితూచి ఎక్కిస్తారు, క్లాంప్ తీసే క్షణానికి మందులు సిద్ధంగా పెట్టుకుంటారు, ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఊపిరితిత్తుల మీద కన్నేసి ఉంచుతారు. వాళ్లకి మీరు ఈ సంగతి ముందే చెప్పాలి. రిపోర్టులో ఎకో తీసిన తేదీ, నీరు తీసింది దానికి ముందా తర్వాతా, ఆ రోజు బీపీ, గుండె వేగం తప్పక రాయండి. ఆ నాలుగు లేని ఎకోని మూడు నెలల తర్వాత తీసిన దానితో పోల్చలేం.

ఈసీజీ గురించి క్లుప్తంగా: క్యూటీ (జఠరికల విద్యుత్ చర్య మొదలై ముగిసే వ్యవధి) పొడవు చూడండి, సిర్రోసిస్‌లో అది సాగడం చాలా మామూలు. పొటాషియం, మెగ్నీషియం తక్కువుంటే సరిచేసి మళ్లీ తీయండి.

డోబ్యుటమిన్ స్ట్రెస్ ఎకోతో, అంటే మందుతో గుండె వేగం పెంచి తీసే ఎకోతో, జాగ్రత్త. 52 ఏళ్ల మనిషికి గరిష్ఠ వేగం 220 లోంచి 52 తీసేస్తే 168, అందులో 85 శాతం 143, పరీక్షలో చేరాల్సింది అంతవరకు. ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ లాంటి గుండె వేగం తగ్గించే మందులు వాడేవాళ్లలో గుండె 120 దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు ‘నెగెటివ్’ అని రాయకండి. పరీక్ష పూర్తి కాలేదని రాయండి. కరొనరీ నాళాల సంగతి 5వ పాఠంలో వివరంగా చూద్దాం.

వచ్చే పాఠం కుడి గుండె మీద. అప్పటికి ఈ లెక్క చేసి ఉంచండి. ఇద్దరు పేషెంట్లు, ఇద్దరికీ ఎకోలో ట్రైకస్పిడ్ లీక్ 3.5. ఇద్దరికీ కుడి గుండె కాథెటర్ పెట్టారు. ఇద్దరికీ ఊపిరితిత్తుల ధమనిలో సగటు పీడనం 38. మొదటాయనకి వెడ్జ్ (ఎడమ కర్ణిక పీడనాన్ని సూచించే కొలత) 22, నిమిషానికి 9 లీటర్లు. రెండో ఆవిడకి వెడ్జ్ 10, నిమిషానికి 5.6 లీటర్లు. సగటు పీడనంలోంచి వెడ్జ్ తీసేసి, లీటర్లతో భాగిస్తే ఊపిరితిత్తుల నిరోధం వుడ్ యూనిట్లలో వస్తుంది. ఇద్దరిలో ఎవరికి నీరు తగ్గించే మందులతో పీడనం దిగుతుంది, ఎవరికి ముందు ఊపిరితిత్తుల రక్తపోటుకి వైద్యం మొదలుపెట్టి ఆపరేషన్ వాయిదా వేయాలి? కారణంతో సహా రాసి పెట్టుకోండి.