ఐస్‌లాండ్‌తో వ్యాపారం – 3వ పాఠం: కెన్నితాల చదవడం

గత పాఠంలో ఐస్‌లాండ్ పేర్ల సంగతి చూశాం. అక్కడ చాలామందికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరో తల్లి పేరో చివర చేరుతుంది, ఎంత పెద్ద హోదాలో ఉన్నవాళ్ళనైనా సొంత పేరుతోనే పిలుస్తారు. దేశ జనాభా 4 లక్షల లోపే అయినా ఒకే పేరు గలవాళ్ళు చాలామంది తగులుతారు. అందుకే పేరు చూసి అవతలివాళ్ళెవరో తేల్చుకోవాలని చూడకండి. ఈ పాఠంలో నేర్చుకునేది వాళ్ళ నంబరు చదవడం.

ఆ నంబరును కెన్నితాల అంటారు. మొత్తం 10 అంకెలు. మనుషులకూ ఉంటుంది, కంపెనీలకూ ఉంటుంది. బ్యాంకు ఖాతా, ఫోన్ కనెక్షన్, ఇంటి అద్దె, బిల్లులు అన్నీ దాని మీదే నడుస్తాయి. మనం ఆధార్ నంబరు దాచుకున్నట్టు కంపెనీలు దీన్ని దాచవు. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో అడుగునే కనిపిస్తుంది. కనిపించకపోతే మొదటి మెయిల్‌లోనే అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. అడిగినా ఇవ్వకుండా ధర గురించే మాట్లాడుతుంటే మాత్రం అక్కడే ఆగండి.

ఇక చదవడం. మొదటి 6 అంకెలు తేదీ, నెల, సంవత్సరం. మనిషికైతే అది పుట్టినరోజు, కంపెనీకైతే రిజిస్టర్‌లోకి ఎక్కిన రోజు. కంపెనీలకు తేదీ మీద 40 కలుపుతారు. అంటే 5వ తేదీ 45 అవుతుంది, 31వ తేదీ 71 అవుతుంది. కాబట్టి మొదటి అంకె 0 నుంచి 3 లోపు ఉంటే మనిషి, 4 నుంచి 7 లోపు ఉంటే కంపెనీ లేదా సంస్థ. మన పాన్‌లో నాలుగో అక్షరం చూసి వ్యక్తా కంపెనీనా అని చెప్పేస్తాం కదా, అదే పని ఇక్కడ మొదటి అంకె చేస్తుంది. చివరి అంకె శతాబ్దం: 9 అయితే 1900లు, 0 అయితే 2000లు. దానికి ముందున్న 9వ అంకె తనిఖీ అంకె, అంటే ముందున్న 8 అంకెల్లో తప్పుందేమో పట్టించేది.

ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం నంబరు తీసుకుందాం: 600169-2039. 60లోంచి 40 తీసేస్తే 20. అంటే 1969 జనవరి 20. తనిఖీకి మొదటి 8 అంకెలను వరసగా 3, 2, 7, 6, 5, 4, 3, 2తో గుణించాలి. 6 మూళ్ళు 18, తర్వాత రెండు సున్నాలు, ఆపైన 6, 30, 36, 6, చివర మళ్ళీ సున్నా. కూడితే 96. దాన్ని 11తో భాగిస్తే శేషం 8. 11లోంచి 8 తీసేస్తే 3. నంబరులో 9వ అంకె చూడండి, 3 ఉంది. సరిపోయింది. (శేషం సున్నా వస్తే తనిఖీ అంకె కూడా సున్నాయే.) కాగితం మీద ఒకసారి చేసి చూస్తే చేతికి వచ్చేస్తుంది.

అసలు ఉపయోగం తేదీ దగ్గర ఉంది. మీరు గుంటూరు నుంచి మిర్చి పొడి పంపుతారనుకోండి. రేక్యవిక్‌లో 20 ఏళ్ళుగా హోటల్ నడుపుతున్నామని ఒకరు ఆర్డర్ పెట్టారు. నంబరులో చూస్తే కంపెనీ పోయిన ఏడాదిది. ఐస్‌లాండ్‌లో కెన్నితోలుఫ్లాక్ అని ఒక చెడ్డ అలవాటు ఉంది. అప్పులు, పన్ను బకాయిలు, పనివాళ్ళ జీతాలు పాత కంపెనీ నెత్తిన వదిలేసి, అదే మనుషులు అదే వ్యాపారాన్ని కొత్త నంబరుతో మొదలుపెడతారు. దీనివల్ల ఎక్కువగా నష్టపోయేది అప్పు మీద సరుకిచ్చినవాళ్ళే. దూరాన ఉన్న మనకు ఆ సంగతి తెలిసేసరికి సరుకు అయిపోయి ఉంటుంది. అయితే కొత్త నంబరు కనిపించగానే మోసమని తేల్చేయకండి. కంపెనీలు విలీనమై ఉండొచ్చు, చేతులు మారి ఉండొచ్చు. విశ్వవిద్యాలయం పెట్టింది 1911లో, నంబరేమో 1969ది. అందుకని మర్యాదగా ఒక్క ప్రశ్న వేయండి: "ఇంతకుముందు ఏ కెన్నితాల మీద వ్యాపారం చేశారు?" నిజాయితీపరులు వెంటనే చెప్తారు.

రెండు నంబర్లూ చేతికొచ్చాక స్కత్తూరిన్ వెబ్‌సైట్‌లో వెతకండి. పన్నులశాఖ అదే, కంపెనీల రిజిస్టర్ కూడా దాని చేతిలోనే ఉంది. పేరుతోనైనా నంబరుతోనైనా వెతకొచ్చు. కంపెనీ బతికి ఉందా, అసలు యజమానులెవరు అన్నవి అక్కడ తెలుస్తాయి. ఏటా సమర్పించిన లెక్కలు కూడా డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. అవి ఎక్కువగా ఐస్‌లాండిక్‌లోనే ఉంటాయి, అనువాద యాప్ పెట్టుకుంటే చాలు. అన్నీ చదవక్కర్లేదు, సొంత మూలధనం (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) ఎంతో చూడండి. అది మైనస్‌లో ఉంటే అప్పు మీద సరుకు పంపొద్దని నా గట్టి సలహా. అడ్వాన్స్ అడగండి, లేదా ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే డబ్బు కడతామని కొనేవాళ్ళ బ్యాంకు ఇచ్చే హామీ) తీయమనండి.

2025 అక్టోబర్ 1 నుంచి భారత్‌కూ, ఐస్‌లాండ్ సభ్యదేశంగా ఉన్న ఎఫ్టా (యూరప్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం) కూటమికీ మధ్య వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. కొత్తగా ఎగుమతులు మొదలుపెట్టేవాళ్ళు ఈ తనిఖీని ముందే అలవాటు చేసుకోవడం మంచిది.

అభ్యాసం: జాతీయ విద్యుత్ సంస్థ లాండ్స్‌వీర్క్యున్ నంబరు 420269-1299. తేదీ చదివి, తనిఖీ అంకె సరిచూడండి. శేషం 2 వస్తే లెక్క సరిగ్గా చేసినట్టే. రెండోది నేను కల్పించిన నంబరు: 510330-1240. ఇలాంటిది మీకు ఈరోజు ఎవరైనా పంపితే రెండు కారణాలతో నమ్మకూడదు. రెండూ కనిపెట్టండి, జవాబు వచ్చే పాఠంలో ఇస్తాను.

4వ పాఠం అక్కడ సొంత కంపెనీ పెట్టాలనుకునేవాళ్ళకు. ఇ.హెచ్.ఎఫ్. అనే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం 5,00,000 క్రోనాల మూలధనం కావాలి. డైరెక్టర్లు ఎక్కడ నివసిస్తున్నారన్న దాని మీద కూడా నిబంధనలున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని కంపెనీ నడపాలనుకునేవాళ్ళు ముందుగా అవే తెలుసుకోవాలి.