లోయరింగ్ చేయించిన కారుకు ఇంటి దగ్గర జాకీ పెడుతున్నారా? ఈ ఇబ్బందులు చూసుకోండి

లోయరింగ్ అంటే స్ప్రింగులు పొట్టివి చేయించి కారు ఎత్తు తగ్గించడం. ముందుగా ఒక్కటి. జాకీ కారును పైకి లేపడానికే గానీ, లేచిన కారును మోస్తూ ఉండటానికి కాదు. బరువు మోసే ఇనుప కాళ్లు, అంటే జాక్ స్టాండ్లు, పడే వరకు కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

జాకీ కిందికి దూరడం లేదు

మామూలు రెండు టన్నుల ట్రాలీ జాకీని పూర్తిగా దించినా 13–14 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. పొట్టి స్ప్రింగులు వేసిన కారులో డోర్ల కింద రేకు అంచు దాదాపు అంతకే దిగిపోతుంది. టైరు పంక్చరై కూర్చుంటే ఆ మూల ఇంకా కిందికి పోతుంది. అలాంటప్పుడు జాకీని బలవంతంగా తోస్తే సైడ్ స్కర్ట్ (డోర్ల కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ) పగులుతుంది.

8–9 సెంటీమీటర్లకు దిగే లో ప్రొఫైల్ జాకీ ఉంటే బాధ లేదు. లేకపోతే జాకీ కంటే ముందు కారునే ఎత్తులోకి తెచ్చుకోవాలి. టింబర్ డిపోలో 2 అంగుళాల మందం, 10 అంగుళాల వెడల్పు, 2 అడుగుల పొడవున్న వేప లేదా తుమ్మ పలకలు రెండు కోయించండి. ఒక కొసను ఏటవాలుగా చెక్కించండి. లేపాల్సిన వైపు రెండు చక్రాలనూ నెమ్మదిగా పలకల మీదికి ఎక్కిస్తే 5 సెంటీమీటర్లు కలిసొస్తాయి. నున్నటి టైల్స్ మీద పలక వెనక్కి జారుతుంది కాబట్టి కింద పాత ట్యూబు ముక్క పరవండి. పంక్చరైన టైరులో కాసేపైనా గాలి నిలిచేలా ఉంటే, ముందు గాలి పట్టి తర్వాత ఎక్కించండి.

ఇటుకలు, సిమెంటు దిమ్మెలు మాత్రం వద్దు. అవి బరువుకు చెప్పకుండా పొడి అవుతాయి. సరుగుడు దుంగలు మన తీరంలో ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, కానీ గుండ్రంగా ఉన్నది దొర్లుతుంది. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు ఇంటి ముందు పడి ఉన్నాయని వాడబోతారు. పాలిష్ వైపు ఇనుము జారిపోతుంది, అంచున బరువు పడితే ముక్క విరుగుతుంది.

లేపుతుంటే జాకీ ఒరుగుతోంది, కారు కదులుతోంది

ట్రాలీ జాకీ చెయ్యి నిలువుగా లేవదు, వంపుగా లేస్తుంది. అందుకే లేపేటప్పుడు జాకీ తన చక్రాల మీద కాస్త ముందుకు దొర్లాలి. ఒంగోలు పక్కల నల్లరేగడిలో, నెల్లూరు తీరపు ఇసుకలో ఆ చిన్న చక్రాలు కూరుకుపోతాయి. జాకీ దొర్లలేక కారును లాగుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో రేగడి మీద ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. మే ఎండకు మెత్తబడ్డ తారు కూడా అంతే, స్టాండు కాళ్లు అందులోకి దిగిపోతాయి. కడప బండలు పరిచిన వాకిట్లో బండ కింద బోలుగా ఉంటే పగులుతుంది. తట్టి శబ్దం వినండి.

గట్టి చదును నేల చూసుకుని, 18 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్క 2 అడుగులకు 3 అడుగులది వేసి దాని మీద జాకీ పెట్టండి. జాకీ చక్రాలకు అడ్డు పెట్టకండి. అడ్డుచెక్కలు పెట్టాల్సింది నేల మీద ఉండిపోయే కారు చక్రాలకు, ముందూ వెనకా. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. వెనక లేపితే అది పట్టదు, గేరులో వేసినా అడ్డుచెక్కలు తప్పవు.

రేకు అంచు మడతపడుతోంది

జాకీ ఇనుప గిన్నె ఆ సన్నటి అంచును నేరుగా నొక్కడం వల్ల. మధ్యలో గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెట్టండి, అంచు గాడిలో కూర్చోవాలి. పెట్టే చోటు కూడా, జాకీ చోటును చూపుతూ రేకు మీదున్న గాట్ల మధ్యనే.

స్టాండు పెట్టడానికి చోటు లేదు

గాట్ల దగ్గర జాకీయే ఉంటే స్టాండు ఎక్కడ పెడతాం? మీ కారు మాన్యువల్ అనుమతిస్తే జాకీని ముందు క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) మధ్యన పెట్టి, రెండు పక్కల గాట్ల కింద స్టాండ్లు దించండి. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నెకు, అంటే ఆయిల్ సంప్‌కు, జాకీ ఎప్పుడూ తగలకూడదు. చాలా స్టాండ్లు కనీసం 27–28 సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి అంతకు మించి లేపాలి. దించాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ పెట్టండి.

జాకీ దానంతట అదే దిగిపోతోంది

రిలీజ్ వాల్వు పూర్తిగా బిగించలేదేమో చూడండి. బిగించినా దిగితే లోపల గాలి ఉండొచ్చు: కారు లేకుండా వాల్వు వదులు చేసి 10–12 సార్లు పంపు కొట్టండి. ఆయిల్ తగ్గితే హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి చెడతాయి. ఇంకా దిగుతుంటే సీలు పోయినట్టే, ఆ జాకీ వాడకండి.

దించుతుంటే చక్రం దగ్గర టక్‌మని శబ్దం

ఇది లోయరింగ్ కార్లకే ఎక్కువ. స్ప్రింగును కోయించి పాత షాక్‌లే (షాక్ అబ్జార్బర్లే) ఉంచితే, కారు లేచి చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై, అది కూర్చునే గిన్నెలోంచి పక్కకు జరుగుతుంది. అలాగే దించితే వంకరగా కూర్చుంటుంది, రోడ్డు మీద స్టీరింగు ఒక పక్కకు లాగవచ్చు. చక్రం నేల తాకక ముందే ఆపి, స్ప్రింగు కొస గిన్నెలోని మెట్టుకు ఆనిందో లేదో టార్చి వేసి చూడండి. స్ప్రింగు మీద బరువు పడ్డాక వేళ్లు పెట్టొద్దు. ప్రతిసారీ ఇలా జరుగుతుంటే కోసిన స్ప్రింగు తీసేయించి, ఆ ఎత్తుకు సరిపడా పొట్టి షాక్‌లతో కలిపి కొత్త సెట్టు వేయించాలి.