మొదటి మిలిటరీ డయోరమా చేస్తున్నారా, ముందు మట్టి సంగతి చూడండి

చిన్నప్పుడు మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు, మా అమ్మమ్మ బొమ్మలు సర్దడం కంటే ముందే ఓ పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు చల్లి పండగ నాటికి మొలకలొచ్చి పొలంలా కనిపించేలా చూసుకునేది, మధ్యలో ఓ అద్దం ముక్క పెడితే అదే చెరువు. వచ్చినవాళ్ళందరూ ఆ పొలం దగ్గరే ఆగేవారు. డయోరమా అంటే, అంటే నేలతో సహా ఒక దృశ్యాన్ని చిన్న బొమ్మలతో చూపించే నమూనా అంటే, నాకు ఇప్పటికీ అదే. ట్యాంకు ఎంత శుభ్రంగా అతికించినా, ఎంత బాగా రంగేసినా, అది నేలలోకి దిగకపోతే షోకేసులో బొమ్మే. అందుకే ఇక్కడ ట్యాంకు అసెంబ్లీ గురించి తక్కువ, నేల గురించి ఎక్కువ చెప్తాను, కిట్ (విడి ప్లాస్టిక్ ముక్కలుగా వచ్చే ట్యాంకు) అతికించడం డబ్బాలో వచ్చే షీట్ చూస్తే ఎలాగూ వచ్చేస్తుంది.

ముందు ఒక్క సీన్ అనుకోండి. వైజాగ్‌లో 1971 అంటే అందరికీ ఇక్కడ మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీనే గుర్తొస్తుంది, బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం, కురుసుర సబ్‌మెరైన్ చూస్తూ పెరిగినవాళ్ళం కదా. కానీ సబ్‌మెరైన్ మొదటి డయోరమాకి వద్దు, కురుసుర పొడవు 91 మీటర్లు, 1/35 స్కేల్లో (అసలు సైజులో 35వ వంతు) చేస్తే రెండున్నర మీటర్లు దాటిపోతుంది. నేను అదే ఏడాది అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) నేల మీద జరిగిన గరీబ్‌పూర్ యుద్ధం తీసుకున్నాను. 1971 నవంబర్ 21 పొద్దున, పొగమంచులో, మన సైన్యంలోని 14 పంజాబ్ పదాతి దళం, ట్యాంకుల రెజిమెంట్ 45 కావల్రీ వాళ్ళ 14 పీటీ-76 ట్యాంకులు కలిసి పాకిస్తాన్ చాఫీ ట్యాంకుల్ని ఎదుర్కొన్నాయి. స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ అక్కడే ప్రాణాలిచ్చారు, ఆయనకి మహావీర్ చక్ర ఇచ్చారు. నేను చేసింది యుద్ధం కాదు, దానికి ముందు మంచులో ఎదురుచూస్తున్న ఒక ట్యాంకు, ముగ్గురు మనుషులు, పక్కన వరి పొలం. పేలుళ్ళు, దూదితో పొగ, మంట ఇవన్నీ మొదటిసారి అస్సలు పెట్టుకోకండి, దూది దూదిలాగే కనిపిస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది, బెంగాల్ డెల్టా పొలాలు మన కోస్తా పొలాల్లాగే ఉంటాయి, గట్లు, కోసిన వరి దుబ్బులు, అక్కడక్కడ నిలిచిన నీళ్ళు. బస్సు కిటికీలోంచి రోజూ చూసేదే కాబట్టి తప్పు చేస్తే మన కంటికే తెలిసిపోతుంది.

స్కేల్ 1/35 తీసుకోండి. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి ఇందులో దాదాపు 5 సెంటీమీటర్లు వస్తాడు, మొహం మీద రంగు వెయ్యడానికి ఆ సైజు కావాలి, 1/72లో అయితే రెండున్నర కూడా రాడు. పీటీ-76 తుపాకీతో కలిపి 22 సెంటీమీటర్లు వస్తుంది, బేస్ 30 బై 20 ఉంటే సరిపోతుంది, ఇంకా పెద్దది తీసుకుంటే ఖాళీ నింపలేక చచ్చిపోతాం. ఫోటో ఫ్రేములు కట్టే షాపులో చెప్తే ఆ సైజులో చెక్క పలకకి అంచు పట్టీ వేసి ఇస్తారు. ట్యాంకుని అంచుకి సమాంతరంగా కాకుండా కాస్త ఏటవాలుగా పెట్టండి, సమాంతరంగా పెడితే పార్కింగ్‌లో ఆపినట్టుంటుంది.

ఇక నేల. చెక్క మీద థర్మాకోల్ ముక్కలు ఫెవికాల్‌తో అంటించి గట్టు ఎత్తు, గుంట లోతు చెక్కుకోండి. థర్మాకోల్ మీద స్ప్రే పెయింట్ కొట్టొద్దు, అందులో ఉండే సాల్వెంట్ దాన్ని తినేస్తుంది, నా మొదటి బేస్ అలాగే పోయింది, పొద్దున లేచి చూసేసరికి గట్టంతా గుంటలు పడి ఉంది. పైన వేసే ముద్దకి గోడలకి వాడే పుట్టీ మూడు వంతులు, జల్లించిన మట్టి రెండు వంతులు, ఫెవికాల్ ఒక వంతు, కాస్త బ్రౌన్ పోస్టర్ కలర్, గారెల పిండంత గట్టిగా కలుపుకోవాలి. రంగు ముద్దలోనే ఎందుకంటే రేపు ఎక్కడైనా పెచ్చు ఊడితే లోపల తెల్లగా కనిపించకూడదు. ఒకేసారి మందంగా వేస్తే పగుళ్ళొస్తాయి, రెండు పలచని పొరలుగా వెయ్యండి, ఎండలో పెట్టి తొందరపెట్టకండి, మన ఊరి ఉక్కలో రెండు రోజులు పడుతుంది, వర్షాకాలంలో ఇంకా ఎక్కువే.

మట్టి గురించి రెండు మాటలు. బీచ్ ఇసుక దగ్గర్లో ఉంది కదా అని తెచ్చుకోకండి, ఉప్పు ఉంటుంది, తేమ పీల్చి పైన తెల్లటి పొర కడుతుంది, పైగా అర మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో దాదాపు 18 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది, ఆలోచించండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి అసలు చిటికెడు కూడా తేవద్దు, అది కాపాడుకోవాల్సిన చోటు. ఇంకోటి, ఎర్రమట్టి ఈ సీన్‌కి తప్పు రంగు కూడా, డెల్టా మట్టి బూడిద కలిసిన గోధుమ రంగులో ఉండే ఒండ్రు. ఏ పొలం గట్టు నుంచో ఓ గుప్పెడు తెచ్చి, పాత పెనం మీద బాగా వేయించి (పురుగులు, బూజు రాకుండా), టీ వడకట్టే జాలీలో రెండుసార్లు జల్లించండి.

పై పొర పచ్చిగా ఉన్నప్పుడే అసలు పని. ట్యాంకు చెయిన్లకి వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ చుట్టి, వెనక అంచు నుంచి నెమ్మదిగా నొక్కుతూ ట్యాంకు ఆగే చోటి దాకా దొర్లించి తియ్యండి. పీటీ-76 నీళ్ళలో ఈదే బండి, 14 టన్నులు, ట్యాంకుల్లో తేలికే, అందుకే జాడ మరీ లోతుగా వద్దు, 3 మిల్లీమీటర్లు అంటే నిజంలో పది సెంటీమీటర్లు, తడి పొలంలో అది చాలు. జాడ పక్కన మట్టి కాస్త పైకి ఉబ్బాలి. మనుషులు నిలబడే చోట బూటు అడుగులు కూడా అప్పుడే నొక్కేయండి. ఎండాక జాడ లోపల ముదురు రంగు, గట్టు పైన లేత రంగు.

వరి దుబ్బులకి గోనె సంచి పీచు కంటే మంచిది నాకు దొరకలేదు. నవంబర్ కాబట్టి కోత అయిన చేను, దుబ్బు 5 మిల్లీమీటర్ల ఎత్తు, దుబ్బుకీ దుబ్బుకీ 6 మిల్లీమీటర్లు. సూదితో చిల్లు, ఫెవికాల్ చుక్క, నాలుగైదు పోగులు. 15 బై 10 సెంటీమీటర్ల చేనుకి 400 దుబ్బులు అయ్యాయి, నాలుగు రాత్రులు పట్టింది, కానీ చూసినవాళ్ళు మొదట వేలు పెట్టి చూపించేది అక్కడే. గట్టు మీద పొడుగు గడ్డికి కొండ చీపురు కొసలు కత్తిరించి పెట్టండి. వదులుగా చల్లిన మట్టి అంటుకోవడానికి ఒక వంతు ఫెవికాల్‌కి మూడు వంతుల నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, అది వెయ్యకపోతే నీళ్ళు పూసల్లా నిలబడతాయి తప్ప లోపలికి ఇంకవు. గుంటలో నీళ్ళకి క్లియర్ ఎపాక్సీ రెసిన్ రెండు మిల్లీమీటర్లకి మించకుండా, గాలిలో తేమ తక్కువున్న రోజు చూసి పొయ్యండి, ఉక్క రోజున పోస్తే పైన మసకబారుతుంది. పొగమంచు చూపించాలంటే దూది వద్దు, మట్టి మీదా ట్యాంకు పైభాగం మీదా కొద్దిగా మెరిసే వార్నిష్ పూస్తే మంచుకి తడిసినట్టు కనిపిస్తుంది.

ట్యాంకు మీద తుప్పు గురించి ఒక మాట. బీచ్ రోడ్డులో ఉప్పు గాలికి ఇనుము తుప్పు ఎలా కారుతుందో చూసి ట్యాంకుకీ అలాగే చెయ్యాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ రోజూ నడుస్తున్న యుద్ధపు బండి మీద ఉండేది బురద, దుమ్ము, నూనె మరకలు. బర్ంట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) ఆయిల్ కలర్ టర్పెంటైన్‌లో పలచగా కలిపి సందుల్లో పారించండి, అంతకు ముందు యాక్రిలిక్ వార్నిష్ ఒక కోటు తప్పదు. కిందిభాగానికి నేలకి వాడిన అదే మట్టి ముద్ద పలచన చేసి చిలకరిస్తే బండి, నేల ఒకే ఊరివని తెలుస్తుంది.

మనుషులు చాలా కిట్లలో రారు, విడిగా కొనాలి, దొరికేవి ఎక్కువగా యూరప్ సైనికులే. పంజాబ్ రెజిమెంట్‌లో సిక్కులు, డోగ్రాలు ఉంటారు, టోపీ చెక్కేసి ఎం-సీల్ పలచగా వత్తి 2 మిల్లీమీటర్ల పట్టీలు కోసి ఏటవాలుగా చుట్టండి, తడి వేలితో సర్దితే తలపాగా వచ్చేస్తుంది, ఆలివ్ గ్రీన్ వెయ్యండి. ఒంటి రంగుకి యూట్యూబ్‌లో చూపించే గులాబీ రంగు మనకి కుదరదు, బ్రౌన్‌లో కాస్త రెడ్ ఆక్సైడ్, కాస్త పసుపు. బట్టల మడతల్లో ముదురు, భుజాల మీద లేత. కంట్లో తెలుపు వెయ్యకండి, ఉలిక్కిపడ్డట్టు ఉంటారు, ముదురు బ్రౌన్ గీత ఒక్కటి చాలు. ముగ్గురూ మూడు దిక్కులు చూడకూడదు, ఇద్దరు ఒకే వైపు పొగమంచులోకి, మూడోవాడు ఆ ఇద్దర్నీ చూస్తూ ఉంటే మన కళ్ళు కూడా అటే పోతాయి. అరికాలిలో సన్నటి తీగ గుచ్చి నేలలో దింపండి, జిగురు ఒక్కటే నమ్ముకుంటే దుమ్ము దులిపేటప్పుడు ఊడిపోతారు.

అంతా అయ్యాక ఫోన్ కెమెరా బేస్ ఎత్తులో పెట్టి, వెనక టార్చి వేసి ఫోటో తియ్యండి. బూట్ల కింద గానీ చెయిన్ల కింద గానీ సన్నగా వెలుగు గీత కనిపిస్తే అక్కడ ఇంకా గాలిలో ఉన్నట్టే, కాస్త మట్టి ముద్ద సూదితో తోసి మూసేసి, ఎండాక మళ్ళీ తీసి చూడండి. ఆ గీత పోయాకే గాజు పెట్టె మూత వెయ్యండి, మూలలో రెండు సిలికా జెల్ ప్యాకెట్లు మర్చిపోకుండా.